ఒక్క కిడ్నీయే ఉందన్న రిపోర్టు పారేయకండి

పిల్లల కిడ్నీ లోపాల గురించి, ఆలస్యమవుతున్న యుక్తవయసు గురించి వచ్చిన ఉత్తరాలను ఈ సంచికలో ఒకచోట చేర్చాం. రాసినవాళ్లకు తెలియకపోయినా వీటిలో చాలావాటిని కలిపే దారం ఒకటి ఉంది. పిల్లల కిడ్నీ వైద్యులు, హార్మోన్ వైద్యులు కలిసి జవాబులిస్తున్నారు.

ప్రశ్న: ఐదో నెల టిఫా స్కాన్‌లో బిడ్డకు ఎడమ కిడ్నీ కనిపించడం లేదన్నారు. బాబు పుట్టి ఇప్పటికి తొమ్మిది వారాలు. మళ్లీ స్కాన్ తీస్తే కుడి కిడ్నీ బాగుంది, ఒక్కదానితో హాయిగా బతకొచ్చు అన్నారు. కానీ రెండు బీజాలూ సంచిలోకి దిగలేదు. అంగం కూడా చిన్నదిగా ఉందని మా అత్తగారు అంటున్నారు. ఇంకో సంగతి ఇంతవరకు ఏ డాక్టరుకూ చెప్పలేదు. మా తమ్ముడికి 27 ఏళ్లు. మీసం రాలేదు, గొంతు మారలేదు, చిన్నప్పటి నుంచీ వాసన తెలియదు. సంబంధాలు చూద్దామంటే వద్దంటాడు. ఈ రెండింటికీ ఏమైనా సంబంధం ఉందా?
— ఒక తల్లి, ఖమ్మం జిల్లా

జవాబు: ఉండే అవకాశం గట్టిగానే ఉంది. ఈ సంగతులన్నీ ఒకే ఉత్తరంలో రాసి చాలా మంచి పని చేశారమ్మా. మామూలుగా కిడ్నీ సంగతి స్కాన్ డాక్టరు దగ్గర, బీజాల సంగతి సర్జన్ దగ్గర, వాసన సంగతి ముక్కు డాక్టరు దగ్గర, మీసం సంగతి ఎవరికీ చెప్పకుండా ఇంట్లోనే ఉండిపోతాయి. అన్నీ పక్కపక్కన పెడితే మొదట గుర్తొచ్చేది కాల్‌మన్ సిండ్రోమ్. వాసన తెలియకపోవడానికీ యుక్తవయసు రాకపోవడానికీ వంశపారంపర్య సంబంధం ఉందని 1944లో ఫ్రాంజ్ కాల్‌మన్ బృందం వివరించింది. ఆ పేరు అలా వచ్చింది.

దీని వెనక ఉన్నది గర్భంలో జరిగే ఒక ప్రయాణం. యుక్తవయసును మొదలుపెట్టే జీఎన్‌ఆర్‌హెచ్ హార్మోన్‌ను తయారుచేసే కణాలు మెదడులో పుట్టవు, పిండం ముక్కు భాగంలో పుడతాయి. వాసన నరాలను పట్టుకుని పాకుతూ మెదడులోని హైపోథాలమస్‌కు చేరతాయి. ఈ దారి వేయడానికి అవసరమైన ప్రోటీన్లలో అనోస్మిన్ ఒకటి. ఎక్స్ క్రోమోజోమ్ మీది ఏఎన్ఓఎస్1 అనే జీన్ దాన్ని తయారుచేయిస్తుంది. కిడ్నీ రూపుదిద్దుకోవడానికి కూడా అదే ప్రోటీన్ కావాలి. అందుకే ఆ ఒక్క జీన్ చెడితే వాసన పోతుంది, యుక్తవయసు రాదు, ఈ జీన్ లోపం ఉన్న మగవాళ్లలో దాదాపు మూడో వంతు మందికి ఒక కిడ్నీ ఏర్పడదు. వీటిలో కిడ్నీ ఒక్కటే పుట్టకముందే కంటపడుతుంది. మిగతావి బయటపడేసరికి పద్నాలుగు పదిహేనేళ్లు దాటిపోతాయి.

ఇక మీరు తొందరపడాల్సిన విషయం. మగబిడ్డ పుట్టిన నెల నుంచి ఆరో నెల వరకు వాడి శరీరంలో ఒక చిన్న యుక్తవయసు నడుస్తుంది. దీన్ని మినీ ప్యూబర్టీ అంటారు. బీజాలను పనిచేయించే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోన్లు, మగ హార్మోన్ టెస్టోస్టిరోన్ ఆ రోజుల్లో బాగా పెరిగి, తర్వాత మళ్లీ యుక్తవయసు దాకా నిద్రపోతాయి. ఇప్పుడు పరీక్ష చేస్తే మెదడు నుంచి సంకేతం వస్తోందో లేదో తెలుస్తుంది. ఏడాది నిండాక అదే పరీక్ష చేస్తే ఆరోగ్యంగా ఉన్న బిడ్డకూ లేనివాడికీ రిపోర్టు ఒకేలా ఉంటుంది, ఇంకో పదేళ్లు ఆగాల్సి వస్తుంది. మీ బాబుకు తొమ్మిది వారాలంటే సరైన సమయంలో ఉన్నారు. వచ్చే నెల చూద్దాం అనుకోకండి.

పిల్లల హార్మోన్ వైద్యుల దగ్గరకు వెళ్లి ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, టెస్టోస్టిరోన్, వీలుంటే బీజాల నుంచి వచ్చే ఇన్‌హిబిన్ బి, ఏఎంహెచ్ హార్మోన్ల పరీక్షలు చేయించండి. వాటితోపాటు తప్పనిసరిగా క్యారియోటైప్ అనే క్రోమోజోముల పరీక్ష, అడ్రినల్ గ్రంథి లోపాన్ని పట్టే 17-ఓహెచ్ ప్రొజెస్టిరోన్. రెండు బీజాలూ చేతికి తగలని బిడ్డలో అడ్రినల్ గ్రంథి లోపం లేదని తేల్చుకోకుండా ముందుకు వెళ్లకూడదు. చక్కెర పడిపోవడం, విడవని కామెర్లు ఉన్నాయేమో కూడా చెప్పండి. అవి ఉంటే పిట్యూటరీ గ్రంథి మొత్తంగా పనిచేయడం లేదేమో చూడాలి, అది అత్యవసరం.

అంగం పొడవును కంటితో అంచనా వేయకూడదు. డాక్టరు దాన్ని మెల్లగా సాగదీసి, స్కేలును జఘనపు ఎముకకు ఆనేలా కొవ్వులోకి నొక్కి, అక్కడి నుంచి కొన వరకు కొలుస్తారు. ముందు చర్మాన్ని లెక్కలోకి తీసుకోరు. నెలలు నిండి పుట్టిన బిడ్డలో 2.5 సెంటీమీటర్ల కంటే తక్కువైతే చిన్నదని అంటారు. బొద్దుగా ఉన్న పిల్లల్లో కొవ్వులో దాగి చిన్నగా కనిపించడం మామూలే. మీ అత్తగారి అనుమానం నిజమో కాదో ఈ కొలతతో తేలిపోతుంది. నిజంగానే చిన్నదైతే నెలకు 25 మిల్లీగ్రాముల చొప్పున మూడు టెస్టోస్టిరోన్ ఇంజెక్షన్లతో చాలామందిలో పెరుగుతుంది. బీజాలు ఆరు నెలలకీ దిగకపోతే ఆపరేషన్‌తో కిందికి దించాలి. ఆరు నుంచి పద్దెనిమిది నెలల మధ్య అయిపోవాలి. స్కూల్లో వేసే వయసుకు చూద్దాం అని వాయిదా వేస్తే బీజంలో వీర్యకణాల మూలకణాలు తగ్గిపోతాయి.

కిడ్నీ విషయానికొస్తే, ఉన్న ఒక్కటీ పెద్దదై రెండిటి పని చేస్తుంది. ఏటా బీపీ, మూత్రంలో ప్రోటీన్ చూపించండి. కారణం తెలియని జ్వరం వస్తే మందు మొదలుపెట్టకముందే మూత్రం కల్చర్‌కు పంపండి. ఇబుప్రోఫెన్ లాంటి నొప్పి మందులు డాక్టరును అడగకుండా పోయకండి.

జీన్ పరీక్ష బాబుతో కాక మీ తమ్ముడితో మొదలుపెట్టడం మంచిది. జబ్బు లక్షణాలు స్పష్టంగా ఉన్నది ఆయనలోనే. ఆయనలో లోపం దొరికితే, అదే చోట మీకూ బాబుకూ చూడటం తేలిక. ఈ జీన్ ఎక్స్ మీద ఉంటుంది కాబట్టి మేనమామకూ మేనల్లుడికీ మధ్య వంతెన తల్లే. ఇది ఎవరి తప్పూ కాదు, ఇంట్లో ఎవరైనా మిమ్మల్ని అనబోతే ఈ వాక్యం చూపించండి. మీరు వాహకురాలని, అంటే జబ్బు లేకుండా ఆ జీన్ లోపాన్ని మోస్తున్నారని తేలితే పుట్టబోయే ప్రతి మగబిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం సగం, ప్రతి ఆడబిడ్డా వాహకురాలయ్యే అవకాశం సగం. మీ తమ్ముడి ఒంటి మీద చేప పొలుసుల్లా చర్మం పొడిబారి ఉందేమో కూడా అడగండి. పక్కనే ఉన్న ఇంకో జీన్ కూడా కలిసి పోయినప్పుడు అలా ఉంటుంది.

తమ్ముడి గురించి విడిగా చెప్పాలి. ఆయనకు 27 ఏళ్లు వచ్చినా ఆలస్యం కాలేదు. ఉదయం 8 నుంచి 9 మధ్య టెస్టోస్టిరోన్, ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, ప్రొలాక్టిన్ చూడాలి. మెదడు అడుగున వాసనను అందుకునే భాగాలు (ఆల్‌ఫాక్టరీ బల్బులు) కనిపించేలా ముక్కు పైభాగం మీదుగా పలుచని ముక్కలతో ఎమ్మారై తీయాలి, ఆ మాట చీటీ మీద రాసి పంపకపోతే మామూలు ఎమ్మారైలో అవి సరిగా కనిపించవు. కిడ్నీలకు స్కాన్ తీయించండి, ఒకటే ఉందని ఆయనకే తెలియకపోవచ్చు. ఇన్నేళ్లు హార్మోన్ లేకపోవడం వల్ల ఎముకలు పలచబడతాయి, ఎముకల గట్టిదనం కొలిచే డెక్సా పరీక్ష కూడా కావాలి. టెస్టోస్టిరోన్ మొదలుపెడితే మీసం, గొంతు, కండ, కోరిక అన్నీ వస్తాయి. కానీ బీజాలు పెరగవు, వీర్యకణాలు రావు. పిల్లలు కావాలనుకున్నప్పుడు టెస్టోస్టిరోన్ ఆపి హెచ్‌సీజీ (ఎల్‌హెచ్‌లా పనిచేసే హార్మోన్), ఎఫ్‌ఎస్‌హెచ్ ఇంజెక్షన్లు వారానికి రెండు మూడు చొప్పున ఏడాది, రెండేళ్లు తీసుకోవాలి. చాలామంది అలా తండ్రులవుతారు. ఆయనది ఏఎన్ఓఎస్1 లోపమే అని తేలితే, పుట్టబోయే కొడుకులకు ఈ జబ్బు రాదు, కూతుళ్లందరూ వాహకులవుతారు. పెళ్లి వద్దనడం వెనక ఆయన ఎన్నేళ్లుగా ఏం మోస్తున్నారో ఆలోచించండి. గోడల మీద ప్రకటనలిచ్చే వాళ్ల దగ్గరకు మాత్రం వెళ్లనివ్వకండి.

ప్రశ్న: మా అబ్బాయికి 13 ఏళ్ల 2 నెలలు. కడుపునొప్పికి స్కాన్ తీస్తే కుడి కిడ్నీ పుట్టుకతోనే లేదని తేలింది. నెట్‌లో కాల్‌మన్ గురించి చదివాక మా ఆవిడకు నిద్ర లేదు. ఇంకా నూనూగు మీసం కూడా రాలేదు. ఏం పరీక్షలు చేయించాలి?
— ఒక తండ్రి, గుంటూరు

జవాబు: ముందు లెక్క చూడండి. పుట్టుకతో ఒకే కిడ్నీ ఉన్నవాళ్లు వెయ్యి, రెండు వేల మందిలో ఒకరు ఉంటారు. కాల్‌మన్ సుమారు 30,000 మంది మగపిల్లల్లో ఒకరికి వస్తుంది, వాళ్లలోనూ కొందరికే కిడ్నీ లోపం ఉంటుంది. అంటే ఒక కిడ్నీ ఉన్న మగపిల్లల్లో చాలా చాలా ఎక్కువ మంది మామూలుగానే ఎదుగుతారు. 13 ఏళ్లకు మీసం లేకపోవడం జబ్బు కాదు. అసలు యుక్తవయసుకు మొదటి గుర్తు మీసం కాదు, బీజాలు పెరగడం. డాక్టర్ల దగ్గర తాడుకు గుచ్చిన పూసల్లాంటి సాధనం ఉంటుంది, ఒక్కో పూస మీద మిల్లీలీటర్ల అంకె ఉంటుంది. బీజం 4 మిల్లీలీటర్ల పూసంత అయితే యుక్తవయసు మొదలైనట్టే. 14 ఏళ్లు నిండినా 4కు చేరకపోతే అప్పుడు పరీక్షలు కావాలి.

అయితే మీ అబ్బాయి విషయంలో 14 దాకా చేతులు కట్టుకుని కూర్చోమని మేం చెప్పం. ఖర్చు లేని రెండు పరీక్షలు ఇంట్లోనే చేయొచ్చు.

మొదటిది వాసన. కళ్లకు గుడ్డ కట్టి, ఒక్కో ముక్కు రంధ్రం మూసి, కాఫీ పొడి, ఇంగువ, మల్లెపూలు, కరివేపాకు నలిపినది, స్నానం సబ్బు ఒక్కొక్కటిగా చూపించండి. మధ్యమధ్యలో ఏమీ లేని ఖాళీ డబ్బా కూడా చూపించండి, ఊహించి చెబుతున్నాడేమో తెలుస్తుంది. జలుబు ఉన్నప్పుడు చేయకండి. కర్పూరం, అమృతాంజనం, వాము నలిపి చూపించడం, ఉల్లిపాయ కోయడం పనికిరావు. అవి వాసన నరాన్ని కాక ముఖంలోని మరో నరాన్ని ఘాటుతో తాకుతాయి, వాసన బొత్తిగా తెలియని పిల్లవాడు కూడా 'ఆ, తెలిసింది' అంటాడు. ఈ పొరపాటు వల్ల చాలా ఇళ్లలో వాసన బాగానే ఉందని అనుకుంటారు. పుట్టుకతో వాసన లేనివాళ్లకు అది లేదన్న సంగతి తెలియదు కూడా. తీపి, ఉప్పు, కారం నాలుకకు తెలుస్తాయి కాబట్టి భోజనం దగ్గర ఏ తేడా కనిపించదు. పాలు పొంగి మాడుతున్నా పక్కనే కూర్చుని చదువుకుంటాడేమో గుర్తు చేసుకోండి. వాసన లేదని తేలితే ఇంట్లో గ్యాస్ లీకైతే మోగే అలారం పెట్టించండి.

రెండోది చేతులు. బల్ల మీద రెండు చేతులూ పెట్టించి, కుడిచేతి బొటనవేలితో మిగతా వేళ్లను వరసగా త్వరత్వరగా తాకమనండి. ఎడమ చేతి వేళ్లు కూడా వాటంతట అవే అలా కదులుతుంటే దాన్ని అద్దపు కదలికలు అంటారు. ఏఎన్ఓఎస్1 లోపంలో ఇవి తరచుగా ఉంటాయి. చిన్నపిల్లల్లో కొద్దిగా ఉండటం మామూలే, పదేళ్లు దాటాక స్పష్టంగా ఉంటే లెక్కలోకి తీసుకోవాలి.

వీటితోపాటు చిన్నప్పుడు బీజాలకు ఆపరేషన్ అయిందా, గ్రహణమొర్రి ఉందా, కొన్ని పళ్లు రానే లేదా, వినికిడి తగ్గిందా, మీ రెండు వైపులా ఆలస్యంగా ఎదిగినవాళ్లు, పిల్లలు లేనివాళ్లు ఉన్నారా అని డాక్టరు అడుగుతారు. మీరు కూడా 16 ఏళ్లకు గానీ పొడవు పెరగలేదంటే, మీ అబ్బాయిది కుటుంబంలో వచ్చే మామూలు ఆలస్యమే అయ్యే అవకాశం ఎక్కువ. అలాంటి ఆలస్యంలో ఎడమ చేతి ఎక్స్‌రేలో ఎముకల వయసు కూడా వెనకబడి ఉంటుంది, వాసన మాత్రం బాగుంటుంది. వాసనా బాగుండి, చేతులూ బాగుండి, పాత కథ ఏమీ లేకపోతే ఆరు నెలలకోసారి ఎత్తు, బీజాల కొలత చూపిస్తూ ఉంటే చాలు. మీ ఆవిడను నిద్రపొమ్మనండి.

ప్రశ్న: మా పాపకు 13 ఏళ్లు. పుట్టినప్పటి నుంచి కుడి కిడ్నీ లేదు. ఎనిమిది నెలల కిందట పెద్దమనిషి అయింది. నెలసరి ప్రతి నెలా వస్తోంది, కానీ కుడివైపు నొప్పి నెలనెలకీ పెరుగుతోంది. మొదట్లో అందరికీ ఉండేదే అన్నారు. ఇప్పుడు అపెండిసైటిస్ అని ఆపరేషన్ చేద్దామంటున్నారు.
— నల్గొండ జిల్లా నుంచి ఒక తల్లి

జవాబు: అపెండిక్స్ ఆపరేషన్‌కు ముందు పొత్తికడుపు ఎమ్మారై చేయించమని అడగండి. కిడ్నీ లేని వైపే నొప్పి, అదీ నెలసరితో పెరుగుతుండటం చాలా పెద్ద ఆధారం.

కిడ్నీ నాళం మొలిచేది పిండంలోని వుల్ఫియన్ నాళం నుంచి. గర్భసంచి తయారయ్యే ముల్లేరియన్ నాళం కూడా ఆ వుల్ఫియన్ నాళాన్ని ఆనుకుని కిందికి పెరుగుతుంది. ఒకవైపు వుల్ఫియన్ నాళం సరిగా లేకపోతే ఆ వైపు కిడ్నీ రాదు, గర్భసంచి సగం కూడా దారి తప్పుతుంది. కొందరు ఆడపిల్లలకు గర్భసంచి రెండుగా ఉండి, కిడ్నీ లేని వైపు యోని భాగం పొరతో మూసుకుపోతుంది. హెర్లిన్-వెర్నర్-వుండర్లిక్ సిండ్రోమ్ అంటారు, డాక్టర్లు ఓహ్‌వీరా అని కూడా రాస్తారు. తెరిచి ఉన్న వైపు నుంచి నెలసరి మామూలుగా వస్తుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. మూసుకున్న వైపు రక్తం నెలనెలా పోగుపడి సంచిలా ఉబ్బుతుంది. వదిలేస్తే రక్తం వెనక్కి కడుపులోకి వెళ్లి ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరగడం), చీము పడితే ట్యూబు పాడవడం జరుగుతాయి.

చికిత్స ఆ అడ్డుపొరను యోని ద్వారా తీసేయడం. ఇలాంటివి చేసిన అనుభవం ఉన్న గైనకాలజిస్టు దగ్గర చేయించండి. ఆపరేషన్ తేదీ దొరికేదాకా నెలసరిని మందులతో ఆపి ఉంచవచ్చు. ఉబ్బిన సంచిలోకి సూది గుచ్చి రక్తం తీసేద్దాం అంటే ఒప్పుకోకండి. రంధ్రం మళ్లీ మూసుకుపోతుంది, లోపల మిగిలిన రక్తంలోకి క్రిములు చేరతాయి. గర్భసంచిని తీసేయాల్సిన పని సాధారణంగా రాదు. సరిగ్గా చేస్తే ముందుముందు పిల్లలు పుట్టే అవకాశం బాగా ఉంటుంది.

ఒక కిడ్నీ ఉన్న ఆడపిల్లల తల్లిదండ్రులందరికీ ఇది చెప్పాలి: గర్భసంచి స్కాన్‌కు రెండు మంచి సమయాలున్నాయి. పుట్టిన మొదటి రెండు నెలలు ఒకటి, తల్లి హార్మోన్ల ప్రభావంతో గర్భసంచి అప్పుడు బాగా కనిపిస్తుంది. రొమ్ములు రావడం మొదలై నెలసరి ఇంకా రాని కాలం రెండోది. మధ్యలో తీస్తే గర్భసంచి అంత చిన్నగా ఉంటుంది కాబట్టి 'లేదు' అని తప్పుగా రాసే ప్రమాదం ఉంది. కడుపులో నీటి సంచుల గుత్తిలా కనిపించి తర్వాత కరిగిపోయిన కిడ్నీ, అంటే మల్టీసిస్టిక్ కిడ్నీ ఉన్న పిల్లలకూ ఇదే వర్తిస్తుంది.

ప్రశ్న: 17 ఏళ్లు నాకు. ఛాతీ ఎదుగుదల అంతా మామూలే. నెలసరి ఒక్కసారి కూడా రాలేదు. స్కాన్‌లో గర్భసంచి కనిపించలేదు, ఒక కిడ్నీ కటి భాగంలో ఉంది అన్నారు. నేను ఆడపిల్లనేనా?
— పేరు వద్దు, శ్రీకాకుళం

జవాబు: ముమ్మాటికీ ఆడపిల్లవేనమ్మా. నువ్వు చెప్పినదాన్ని బట్టి ఇది ఎంఆర్‌కేహెచ్ సిండ్రోమ్ అయి ఉండొచ్చు. సుమారు ఐదు వేల మంది ఆడపిల్లల్లో ఒకరికి ఉంటుంది, వారిలో మూడో వంతుకు పైగా కిడ్నీ తేడాలూ ఉంటాయి. అండాశయాలు బాగా పనిచేస్తాయి, అందుకే ఛాతీ పెరిగింది. గర్భసంచి, యోని పైభాగం మాత్రం ఏర్పడలేదు. క్యారియోటైప్, ఎఫ్‌ఎస్‌హెచ్, టెస్టోస్టిరోన్ చేస్తే ఇలాగే కనిపించే మరో పరిస్థితి కాదని తేలుతుంది. వినికిడి, వెన్నెముక ఎక్స్‌రే, గుండె ఎకో ఒకసారి చూపించుకో.

యోని పొడవుకు ఆపరేషన్ మొదటి మెట్టు కాదు. నీకు కావాలనిపించినప్పుడు, యోనిని మెల్లగా సాగదీసే నున్నటి సాధనాలైన డైలేటర్లతో ఇంట్లోనే రోజూ కొంతసేపు చొప్పున కొన్ని నెలలు చేస్తే పదిమందిలో తొమ్మిది మందికి పైగా సరిపోతుంది. పెళ్లికి ముందు తొందరపడి ఎవరో బలవంతం చేస్తే మొదలుపెట్టాల్సింది కాదు. నీ అండాలతో సరోగసీ ద్వారా బిడ్డను కనొచ్చు. మన దేశంలో 2021 సరోగసీ చట్టం కింద గర్భసంచి లేకపోవడం అనుమతించే కారణాల్లో ఒకటి. కటి భాగంలో కిడ్నీ ఉందన్న సంగతి మాత్రం ఏ ఆపరేషన్‌కు వెళ్లినా మొదటి మాటగా చెప్పు. అక్కడ గడ్డ ఉందనుకుని కోసేసే ప్రమాదం నిజంగా ఉంది.

ప్రశ్న: మా పాపకు తొమ్మిదేళ్లప్పుడు నెఫ్రోటిక్ సిండ్రోమ్, అంటే మూత్రంలో ప్రోటీన్ బాగా పోయే కిడ్నీ జబ్బు వచ్చింది. స్టెరాయిడ్లు పూర్తి మోతాదులో వాడినా ప్రోటీన్ పోవడం ఆగలేదు. బయాప్సీలో ఎఫ్‌ఎస్‌జీఎస్, అంటే కిడ్నీ వడపోత భాగాల్లో అక్కడక్కడా మచ్చలు పడ్డాయి అన్నారు. ఇప్పుడు 14 దాటింది, ఛాతీ పెరగలేదు. స్టెరాయిడ్ల వల్లే ఆలస్యం అంటున్నారు, నిజమేనా?
— కరీంనగర్ నుంచి

జవాబు: స్టెరాయిడ్లూ, దీర్ఘకాలం కిడ్నీ జబ్బూ రెండూ యుక్తవయసును ఆలస్యం చేసే మాట నిజమే. కానీ ఆ కారణంతో సరిపెట్టేయడం ఈ పాప విషయంలో ప్రమాదం. 13 ఏళ్లకు ఛాతీ మొదలవకపోతేనే పరీక్ష చేయాలి. మీ పాపకు స్టెరాయిడ్లకు లొంగని జబ్బు కూడా ఉంది. ఇద్దరు డాక్టర్లకు వేర్వేరుగా కనిపిస్తున్న ఈ రెండూ ఒకే జీన్ పని కావచ్చు. దాని పేరు డబ్ల్యూటీ1.

ఈ జీన్ కిడ్నీ వడపోత కణాలకూ కావాలి, బీజకోశాలు (మగపిల్లల్లో బీజాలు, ఆడపిల్లల్లో అండాశయాలు) రూపం దిద్దుకోవడానికీ కావాలి. ఫ్రేజియర్ సిండ్రోమ్‌లో మూత్రంలో ప్రోటీన్ బాల్యంలో మొదలై మెల్లగా కిడ్నీ దెబ్బతింటుంది. పుట్టుకతో ఆడపిల్ల రూపమే, గర్భసంచి ఉంటుంది, కానీ క్రోమోజోములు ఎక్స్‌వై, అండాశయాల స్థానంలో పీచులాంటి కణజాలం మాత్రమే ఉంటుంది. యుక్తవయసు దానంతట రాదు. ఎఫ్‌ఎస్‌హెచ్ బాగా ఎక్కువగా ఉంటుంది. ఆలస్యం కేవలం జబ్బు నీరసం వల్లనే అయితే ఎఫ్‌ఎస్‌హెచ్ తక్కువగానో మామూలుగానో ఉండాలి. ఒక్క రక్తపరీక్ష ఇంత తేడా చెబుతుంది.

వెంటనే క్యారియోటైప్, ఎఫ్‌ఎస్‌హెచ్, కటి స్కాన్, డబ్ల్యూటీ1 జీన్ పరీక్ష చేయించండి. ఎక్స్‌వై అని తేలితే ఆ పీచు కణజాలాన్ని లాప్రోస్కోపీతో తీసేయాలి, అందులో గొనాడోబ్లాస్టోమా అనే గడ్డ వచ్చే అవకాశం ఎక్కువ. 'తర్వాత చూద్దాం' అనకూడనిది ఇదే. తర్వాత ఈస్ట్రోజన్ తక్కువ మోతాదులో మొదలుపెట్టి రెండు మూడేళ్లలో పెంచుతూ పోతే ఛాతీ, నెలసరి వస్తాయి. జీన్ కారణమని తేలితే ఇంకో మేలు కూడా ఉంది. ఎముకలను, ఎత్తును తినేస్తున్న స్టెరాయిడ్లను పనికిరాకపోయినా కొనసాగించాల్సిన అవసరం తప్పుతుంది. కిడ్నీ మార్పిడి దాకా వెళ్లినా కొత్త కిడ్నీలో ఈ జబ్బు సాధారణంగా తిరగబెట్టదు.

పాపకు ఈ విషయం దాచకండి, ఒకే రోజు అంతా చెప్పేయకండి కూడా. ఆమె అమ్మాయిగా పెరిగింది, అమ్మాయే. క్రోమోజోముల మాట అనుభవమున్న వైద్యుల సమక్షంలో, ఆమె అడిగే ప్రశ్నల వేగంతో చెప్పాలి.

స్టెరాయిడ్లు పూర్తి మోతాదులో 6 వారాలు వాడినా ప్రోటీన్ ఆగని ప్రతి ఆడపిల్లకూ, ముఖ్యంగా ఎఫ్‌ఎస్‌జీఎస్ అని తేలినప్పుడు, అప్పుడే క్యారియోటైప్ చేయడం మంచిదని మా అభిప్రాయం. తొమ్మిదేళ్లప్పుడే తెలిసి ఉంటే ఐదేళ్లు కలిసొచ్చేవి.

ప్రశ్న: మా అమ్మాయికి 8 ఏళ్లు, క్లాసులో అందరికంటే పొట్టి. స్కాన్‌లో రెండు కిడ్నీలూ కింద కలిసి గుర్రపులాడంలా ఉన్నాయన్నారు. ఎత్తుకూ దీనికీ సంబంధం ఏమిటి?
— డల్లాస్ నుంచి

జవాబు: క్యారియోటైప్ చేయించండి, కనీసం 30 కణాలు లెక్కించమని అడగండి. టర్నర్ సిండ్రోమ్ ఉందేమో చూడాలి. ఒక ఎక్స్ క్రోమోజోమ్ పూర్తిగానో కొంతో లేకపోవడం అది. ఇది సాధారణంగా తల్లిదండ్రుల నుంచి వచ్చేది కాదు. కొన్ని కణాల్లోనే లోపం ఉంటే తక్కువ కణాలు లెక్కించినప్పుడు తప్పిపోతుంది. గుర్రపులాడం కిడ్నీ ఉన్న పిల్లల్లో చాలామందికి టర్నర్ ఉండదు, కానీ ఆడపిల్ల పొట్టిగా కూడా ఉంటే పరీక్ష తప్పదు. పుట్టినప్పుడు కాళ్లూ చేతులూ ఉబ్బి ఉన్నాయా, తరచూ చెవిలో చీము వచ్చేదా, మెడ వెనక జుట్టు బాగా కిందికి ఉందా చూడండి. తేలితే గుండె ఎకో మొదట చేయించాలి. గ్రోత్ హార్మోన్ ఎంత ముందు మొదలుపెడితే అంత ఎత్తు. ఈస్ట్రోజన్ 11, 12 ఏళ్లకు అతి తక్కువ మోతాదులో మొదలవ్వాలి. గర్భనిరోధక మాత్రలతో మొదలుపెట్టడం తప్పు, ఒక్కసారిగా ఎక్కువ హార్మోన్ పడి రొమ్ములు సరిగా ఎదగవు.

ప్రశ్న: మాది మేనరికం. మా బాబుకు పదేళ్లు, బాగా లావు. కడుపులో ఉన్నప్పుడు కిడ్నీలు పెద్దవిగా, తెల్లగా మెరుస్తున్నాయన్నారు, పుట్టాక ఎవరూ పట్టించుకోలేదు. అంగం చిన్నది. ఈ మధ్య చీకటి పడితే తడుముకుంటున్నాడు. లావు తగ్గిస్తే అన్నీ సర్దుకుంటాయా?
— కర్నూలు జిల్లా నుంచి

జవాబు: ఒక్క విషయం చెప్పండి. పుట్టినప్పుడు చిటికెన వేలి పక్కన ఆరో వేలు ఉండి, దారం కట్టి రాల్చేశారా? చాలా ఇళ్లలో అలా చేసి మరిచిపోతారు. చేతులకూ కాళ్లకూ చిటికెన వేలి అంచున చిన్న మచ్చగానీ బొడిపెగానీ ఉందేమో వెతకండి. ఉంటే బార్డెట్-బీడిల్ సిండ్రోమ్ అన్న అనుమానం గట్టిపడుతుంది. కణాల మీద ఉండే సన్నని వెంట్రుకల్లాంటి సీలియా అనే భాగాలు సరిగా పనిచేయకపోవడం దీనికి మూలం. అందుకే కన్ను, కిడ్నీ, వేళ్లు, ఆకలి, బీజాలు అన్నీ కలిసి దెబ్బతింటాయి.

రేచీకటి దీనిలో చాలామందికి ఏడెనిమిదేళ్లకే మొదలవుతుంది. విటమిన్ ఎ లోపం అని చుక్కలు వేయించి ఊరుకోకండి. రెటీనా పరీక్ష, రెటీనా పనితీరును కొలిచే ఈఆర్‌జీ చేయించండి. కిడ్నీకి క్రియాటినిన్, స్కాన్, మూత్రంలో ప్రోటీన్, బీపీ చూపించండి. రాత్రిళ్లు ఎక్కువసార్లు మూత్రానికి లేవడం, విపరీతమైన దాహం ఉంటే చెప్పండి. కిడ్నీ నీటిని పట్టి ఉంచలేకపోతోందనడానికి అది తొలి గుర్తు, చాలాసార్లు క్రియాటినిన్ పెరగకముందే కనిపిస్తుంది. షుగర్ కూడా చూడాలి. అంగం లావు వల్ల దాగి ఉందా, నిజంగా చిన్నదా అన్నది పైన చెప్పినట్టు ఎముక దాకా నొక్కి కొలిస్తేనే తెలుస్తుంది. 14 ఏళ్లకు బీజాలు పెరగకపోతే టెస్టోస్టిరోన్ ఇస్తారు.

బరువు తగ్గించడం అవసరమే, కానీ ఈ పిల్లల ఆకలి మెదడులో నుంచే ఎక్కువ. బాబును తిట్టి, కంచం లాక్కుని లాభం లేదు. ఇంట్లో వండేది, కనపడేలా పెట్టేది మార్చండి. చూపు తగ్గబోతోందని ముందే తెలిస్తే బడిలో ముందు బెంచీ, పెద్ద అక్షరాలు, తర్వాత బ్రెయిలీ సిద్ధం చేసుకోవచ్చు, వైకల్య ధ్రువపత్రానికి దరఖాస్తు చేసుకోవచ్చు.

ఈ జబ్బు ఖమ్మం ఉత్తరంలోని దానిలా తల్లి ఎక్స్ నుంచి వచ్చేది కాదు. తల్లీ తండ్రీ ఇద్దరిలోనూ చెడిన జీన్ ఒక్కొక్క కాపీ ఉన్నప్పుడు వస్తుంది. మీరిద్దరూ ఒకే తాత వంశం కాబట్టి ఇద్దరిలోనూ అదే ఉండే అవకాశం పెరిగింది. ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఈ జబ్బు వచ్చే అవకాశం పాతిక శాతం. దీనికి కారణమయ్యే జీన్లు ఇరవైకి పైగా ఉన్నాయి, ఒక్కొక్కటీ వెతకడం కంటే జీన్లన్నిటినీ ఒకేసారి చూసే ఎక్సోమ్ పరీక్ష మేలు. హైదరాబాద్‌లో నిమ్స్ మెడికల్ జెనెటిక్స్ విభాగంలో ఇలాంటి కుటుంబాలకు సలహా ఇస్తారు. బాబు జీన్ లోపం ఏమిటో గర్భం రాకముందే తేల్చుకోండి. తేలితే తర్వాతి గర్భంలో 11 నుంచి 13 వారాల మధ్య పరీక్షకు వీలుంటుంది. గర్భం వచ్చాక మొదలుపెడితే రిపోర్టు వచ్చేసరికి నెలలు గడిచిపోతాయి. వెళ్లేటప్పుడు పాత స్కాన్ కాగితం, అదే కిడ్నీలు తెల్లగా మెరుస్తున్నాయని రాసినది, తప్పకుండా తీసుకెళ్లండి.